ఆరు మీటర్ల అవతల

సైనిక నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఐదున్నర నిమిషాల్లో ముగించిన కుర్రాడు, ఛాతీ కొలత సరిపోయిన కుర్రాడు, కాగితాల్లో ఏ తప్పూ లేని కుర్రాడు చివరికి గోడకు వేలాడే ఒక అక్షరాల పలక ముందు ఓడిపోతాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవారకముందే కాలవ గట్ల మీద పరుగులు తీసే పిల్లలకు ఇది తెలియని కథ కాదు. "మెడికల్‌లో పోయింది" అంటారు ఇంటికొచ్చి. ఏం పోయింది, ఎందుకు పోయింది అని అడిగితే మాత్రం సమాధానం రాదు. ఆ పలక ముందు గడిచిన పది నిమిషాల్లో ఎంత భౌతికశాస్త్రం, ఎంత జన్యుశాస్త్రం ఇమిడి ఉందో చూద్దాం.

పలక పక్కన నిలబడే మనిషి ఆప్టోమెట్రిస్టు. కంటికి ఆపరేషన్ చేసే డాక్టరు వేరు, కళ్ళజోడు అమ్మే షాపతను వేరు. చూపు కొలిచి, అద్దం పవర్ లెక్క కట్టి, లోపల జబ్బు ఛాయ కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపేది ఈ మనిషి. అమెరికా సైన్యంలో ఆప్టోమెట్రిస్టులు కమిషన్డ్ అధికారులు. 1947లో ఏర్పడ్డ మెడికల్ సర్వీస్ కోర్‌లో వాళ్ళకు చోటుంది. మన ఆర్మీ మెడికల్ కోర్‌లో కంటి వైద్యుడు అధికారి, ఆయన వెంట అద్దాల పెట్టెతో ఉండేది శిక్షణ పొందిన పారామెడికల్ సిబ్బంది. భుజం మీద పట్టీ ఏదైనా చేసే పని ఒకటే. కాకపోతే తెనాలి గాంధీచౌక్‌లో కళ్ళజోడు కోసం వచ్చినవాడు "నాకు బాగా కనిపించేట్టు చెయ్యండి" అంటాడు. సైన్యం అలా అడగదు. ఈ కన్ను ఏ పనికి పనికొస్తుందో చెప్పమంటుంది. మన సైన్యంలో ప్రతి మనిషి ఆరోగ్యాన్నీ 'షేప్' అనే అయిదక్షరాల లెక్కలో రాస్తారు. మనసు, చెవి, కాళ్ళుచేతులు, ఒంటి స్థితి అయ్యాక చివరి అక్షరం 'ఇ' కంటిది. చివర్లో ఉందని తక్కువ చేయడానికి లేదు, చాలామంది తట్టుకుని పడేది అక్కడే.

పలక మీద కింద వరసలో ఉన్న అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. ఎవరికో తోచి పెట్టిన అంకె కాదు అది. ఆరు మీటర్ల దూరం నుంచి చూస్తే అంత అక్షరం కంటి దగ్గర ఐదు కళల కోణం చేస్తుంది. డిగ్రీలో అరవయ్యో వంతును పంచాంగం లెక్కల్లో కళ అంటారు, ఇక్కడా అదే వాడుకుందాం. అక్షరంలోని ఒక్కో గీత మందం ఒక కళ. గీతకూ గీతకూ మధ్య ఉన్న ఒక కళ ఖాళీని విడదీసి చూడగలిగితే అది 'ఇ' అనీ 'ఎఫ్' కాదనీ తెలుస్తుంది. హాలెండ్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో తన పలకకు పెట్టిన కొలత ఇది. 6/6 అంటే ఆరు మీటర్ల దగ్గర చదవాల్సింది ఆరు మీటర్ల దగ్గరే చదివాడని. 6/12 అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఇతను ఆరుకు దగ్గరైతే గానీ చదవలేడని. అంతేగానీ 6/12 కన్ను సగం గుడ్డిది కాదు, పేపరు చదువుకోవడానికి, బడికి పోవడానికి దానితో ఏ ఇబ్బందీ రాకపోవచ్చు.

ఇబ్బంది దూరం పెరిగేకొద్దీ వస్తుంది. ఒక కళ అంటే కిలోమీటరు దూరంలో 29 సెంటీమీటర్లు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక ఒడ్డున నిలబడి కిలోమీటరు అవతల పడవలో ఉన్న మనిషిని చూస్తే 6/6 కంటికి భుజాల వెడల్పు లీలగా తెలుస్తుంది, చేతిలో తెడ్డుందో తుపాకీ ఉందో తెలియదు. అదే 6/12 కంటికి పడవలో మనిషున్నాడా, మూట ఉందా అన్నదే అనుమానం. సిపాయి ర్యాలీ ప్రమాణంలో రెండు కళ్ళూ విడివిడిగా 6/6 చదవాలని ఎందుకు రాశారో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. కళ్ళజోడుతో సరిచేయొచ్చుగా అంటే చేయొచ్చు, చాలా సైన్యాలు చేస్తాయి కూడా. వానలో, బురదలో, చెమటలో ఆ జోడు జారినా పగిలినా పనికి మిగిలేది ఉత్త కన్నే అన్నది రెండో వైపు వాదం.

పలకలు రాకముందు సైనికుల చూపు ఎలా పరీక్షించేవాళ్ళు? అరబ్బు దేశాల్లో, పర్షియాలో సప్తర్షి మండలంలోని ఒక జంట నక్షత్రాన్ని చూపించి విడివిడిగా కనిపిస్తున్నాయా అని అడిగేవారని చెబుతారు. మనకు ఆ జంట పరిచయమే: వసిష్ఠుడు, అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు పట్టపగలు చూపించినా సరే "కనిపించింది" అనే వధూవరులది మర్యాద. చీకట్లో నిజంగా చూసేవాళ్ళది పరీక్ష. ఆ రెంటి మధ్య ఎడం దాదాపు 12 కళలు. ఒక కళనే విడదీసే కంటికి పన్నెండు కళలు ఒక లెక్కా అనిపిస్తుంది. 6/12 వాడు కూడా సునాయాసంగా నెగ్గాలి మరి.

నెగ్గడు. కంటికి ఒక డయాప్టరు సైట్ ఉందనుకోండి, అంటే మైనస్ ఒకటి పవర్. చీకట్లో కంటిపాప ఆరు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. సైట్ వల్ల వెలుగు చుక్క ఎంత వెడల్పుగా చెదురుతుందో తేల్చే సూత్రం చాలా చిన్నది: కంటిపాప వెడల్పును మీటర్లలో రాసి సైట్ పవర్‌తో గుణించాలి. 0.006 ఇంటూ 1. వచ్చిన కోణాన్ని కళల్లోకి మారిస్తే 20 దాటుతుంది. అంటే వసిష్ఠుడి వెలుగే ఇరవై కళల మేర పరుచుకుని, పన్నెండు కళల దూరంలో మసకగా ఉన్న అరుంధతిని మింగేస్తుంది. అర డయాప్టరు ఉన్నవాడు అంచు మీద ఊగిసలాడతాడు. ఎవరు కనిపెట్టారో గానీ ఆ పాతకాలపు పరీక్ష మైనస్ సైట్‌ను, అంటే హ్రస్వదృష్టిని, ముఖ్యంగా రాత్రిపూట హ్రస్వదృష్టిని, గురిచూసి పట్టుకుంటుంది.

పని మారితే ప్రమాణమూ మారుతుంది. వాయుసేనలో విమానం నడిపే శాఖకు వెళ్ళాలంటే ఒక కన్ను 6/6, రెండోది 6/9 ఉండాలి. రెండోదాన్ని అద్దంతో 6/6కు తేవచ్చు, కాని ఆ లోపం ప్లస్ పవర్‌ది అయితేనే. మైనస్ పవర్ అస్సలు ఒప్పుకోరు. అగ్నివీర్ వాయుకు మాత్రం 6/12 ఉన్నా అద్దంతో 6/6 వస్తే చాలు. ఇంటర్ చదివి, కోచింగు తీసుకుని, ఒకే నెలలో రెండు మూడు నోటిఫికేషన్లకు దరఖాస్తు పెట్టే పిల్లలకు ఈ తేడాలు ముందే తెలిస్తే కొంత రైలు ఖర్చయినా మిగులుతుంది.

ఇక్కడే లేజర్ ఆపరేషన్ సంగతి వస్తుంది. "లేసిక్ చేయించుకుంటే సైట్ పోతుంది, మెడికల్ పాసవుతాం" అన్న నమ్మకంతో అప్పు చేసి ఆపరేషన్ చేయించుకునేవాళ్ళున్నారు. వాయుసేన తన ప్రమాణాల్లో కొన్ని శాఖలకు దీన్ని ఒప్పుకుంటుంది గాని షరతులు పెట్టింది: ఆపరేషన్ నాటికి ఇరవయ్యేళ్ళు నిండాలి, చేయించుకుని ఏడాది గడవాలి, కంటి ముందుపొర కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, కనుగుడ్డు ముందునుంచి వెనక్కి పొడవు 25.5 మిల్లీమీటర్లు మించకూడదు. మిగతావి ఎవరికైనా అర్థమవుతాయి. ఆ చివరి షరతే చాలామందిని తికమక పెడుతుంది. చూపు 6/6 వచ్చాక కనుగుడ్డు పొడవుతో ఏం పని?

పెద్దవాళ్ళ కన్ను సగటున 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. హ్రస్వదృష్టి ఎక్కువమందికి వచ్చేది ఆ గుడ్డు వెనక్కి సాగడం వల్ల. ఒక మిల్లీమీటరు సాగితే సుమారు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల సైట్ వస్తుంది. వెలుగు కంటి వెనక తెర రెటీనా మీద పడకుండా దాని ముందే కూడిపోతుంది. లేజర్ చేసేది ముందున్న కార్నియాను కొద్దిగా చెక్కి, వెలుగు ఇంకొంచెం వెనక కూడేట్టు చేయడం. అంతే. ఇంటి ముందుగోడకు ఎంత సున్నం కొట్టినా లోపలి గది పొడవు తగ్గదు గదా. సాగిన కంట్లో రెటీనా కూడా సాగి, అంచుల్లో పలచబడి ఉంటుంది. గట్టి కుదుపుకు, తలకు తగిలిన దెబ్బకు అది చిరిగే ప్రమాదం మామూలు కంటికన్నా ఎక్కువ. ఆప్టోమెట్రిస్టు వెలుగు కిరణంతో కన్ను పొడవు కొలిచి 26.8 అని రాశాడంటే, కుర్రాడికి ఇదివరకు ఏడెనిమిది డయాప్టర్ల సైట్ ఉండి ఉండొచ్చని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అప్పు చేసేముందు కన్ను పొడవు కొలిపించుకోమని చెప్పే కోచింగు సెంటరు ఇంతవరకూ నాకు తగల్లేదు.

లేసిక్‌కు ముందు రేడియల్ కెరటాటమీ అనే ఆపరేషన్ ఉండేది. కార్నియా మీద చక్రం ఆకుల్లా కత్తితో గాట్లు పెట్టేవాళ్ళు. అది చేయించుకున్న అమెరికా డాక్టరు బెక్ వెదర్స్ 1996 మే నెలలో ఎవరెస్టు ఎక్కుతూ శిఖరం దగ్గర్లో చూపు కోల్పోయాడు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలా మటుకు ఎదురుగా ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది. కొండ మీద గాలి పలచన. ఆక్సిజన్ చాలక కార్నియా ఉబ్బుతుంది, గాట్లున్న చోట ఆ ఉబ్బు వంపునే మార్చేస్తుంది. సియాచిన్‌లో మనుషులను కాపలా పెట్టే సైన్యం ఈ ఆపరేషన్ మచ్చ కనిపిస్తే ఎందుకు వద్దంటుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు. సముద్ర మట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని రేపల్లెలో బ్రహ్మాండంగా చూసే కన్ను ఐదువేల మీటర్ల మీద అలాగే చూస్తుందన్న హామీ లేదు.

ఇక రంగులు. నా మటుకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే భాగం ఇదే.

స్వీడన్‌లో లాగర్‌లుండా దగ్గర 1875లో రెండు రైళ్ళు ఢీకొన్నాయి. రైల్వే సిబ్బందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ దీపాల తేడా తెలియకపోవడమే కారణమని ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త గట్టిగా వాదించి, రంగు ఉన్ని దారాలతో ఉద్యోగులను పరీక్షించే పద్ధతి తెచ్చాడు. నిజంగా కారణం అదేనా అన్నది తర్వాతి పరిశోధకులు శంకించారు, కాని పద్ధతి నిలబడిపోయింది. విజయవాడ–చెన్నై లైను మీద తెనాలి, బాపట్ల స్టేషన్లు దాటించే లోకో పైలట్‌కు ఇవాళ్టికీ రంగుల పరీక్ష తప్పదు. సైన్యంలోకి ఆ పరీక్షను పుస్తకంగా తెచ్చినవాడు జపాన్ సైనిక వైద్యుడు షినోబు ఇషిహారా. సైన్యంలో చేరే యువకులను త్వరగా వడపోసే ఉపాయం చూడమని అప్పగిస్తే రంగు చుక్కల మధ్య అంకె దాచిన పలకలు తయారుచేశాడు. 1917లో అచ్చయిన ఆ పలకలే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి.

ఈ పలకలను ఫోన్లో చూసి బట్టీ పట్టే పిల్లలుంటారు. ఇషిహారా వాళ్ళను ముందే ఊహించినట్టుంది. మొదటి పలకలో 12 అంకె ఎవరికైనా కనిపిస్తుంది, రంగు తేడా తెలియనివాడికి కూడా; అది కూడా కనిపించడం లేదన్నవాడు ఉద్యోగం తప్పించుకోవడానికి నటిస్తున్నాడన్నమాట. నిర్బంధ సైనికసేవ ఉన్న దేశాల్లో ఈ బాపతు ఎక్కువ. మన దగ్గర సమస్య దానికి తలకిందులు, లోపం దాచి చేరాలని చూస్తారు. దానికీ మందుంది. కొన్ని పలకల్లో మామూలు కంటికి ఏ అంకే కనిపించదు, ఎరుపు–ఆకుపచ్చ లోపం ఉన్నవాడికి మాత్రం అంకె తేలుతుంది. బట్టీ పట్టినవాడు వరస మారిన పుస్తకంలో ఉత్త చుక్కల పలక దగ్గర ధీమాగా 45 అంటాడు. ఆప్టోమెట్రిస్టు ఏమీ అనడు, రాసుకుని పేజీ తిప్పుతాడు.

పుస్తకం తర్వాత మార్టిన్ లాంతరు. చిన్న రంధ్రాల గుండా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు వెలుగులు చూపించి రంగు చెప్పమంటారు. ఆరు మీటర్ల నుంచి తప్పు లేకుండా చెబితే రంగుల చూపులో సీపీ–1 గ్రేడు, విమానం నడిపేవాడికి కావలసింది అది. ఒకటిన్నర మీటరు నుంచి చెప్పగలిగితే సీపీ–3, సిపాయికి అది చాలు. దీపం అదే, దూరమే తేడా.

లోపం ఉందని తేలాక సాధారణంగా మాటలు ఇలా నడుస్తాయి.

"మీ అమ్మగారి అన్నదమ్ముల్లో ఎవరైనా రంగుల దగ్గర తడబడతారా బాబూ?"

"మా మావయ్య పండు మిరపకాయలు కొయ్యమంటే పచ్చివీ కలిపి కోసుకొస్తాడని మా అమ్మమ్మ తిడుతుంటుంది సార్."

ఎరుపు, ఆకుపచ్చలను పట్టే రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. మగపిల్లవాడికి ఎక్స్ ఒకటే, అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చేది వై. కాబట్టి తండ్రికి ఈ లోపం ఉన్నా కొడుక్కి దాన్ని ఇవ్వలేడు. తల్లికి రెండు ఎక్స్‌లు ఉండటం వల్ల ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది, ఆవిడకు రంగులు మామూలుగానే కనిపిస్తాయి. మోసుకొచ్చింది ఆవిడ, బయటపడేది కొడుకులో. ఆ చెడిన ఎక్స్ ఆవిడకు తల్లి నుంచి వచ్చి ఉంటే అదే ఆవిడ అన్నలోనో తమ్ముడిలోనో కూడా కనిపించవచ్చు, తండ్రి నుంచి వచ్చి ఉంటే పిల్లాడి తాతలో. మేనమామ పోలిక అని మనవాళ్ళు ముక్కునూ నుదురునూ చూసి అంటారు గాని, ఎక్స్ క్రోమోజోమ్ విషయంలో అది అక్షరాలా నిజమయ్యే సందర్భం ఇది.

మేనరికం దీనికి ఇంకో మెలిక వేస్తుంది. లోపమున్న మేనమామ అక్క కూతురినే చేసుకున్నాడనుకుందాం. వాళ్ళ అమ్మ ద్వారా అదే ఎక్స్ ఆ పిల్లకూ చేరి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. చేరి ఉంటే, పుట్టబోయే ఆడపిల్లల్లో సగం మందికి రెండు ఎక్స్‌లూ చెడినవే వచ్చే వీలుంది. ఐరోపా మగవాళ్ళలో నూటికి ఎనిమిది మందికి ఉన్న ఈ లోపం అక్కడి ఆడవాళ్ళలో నూటికి ఒక్కరికి కూడా ఉండదు. మన దేశంలో జరిగిన సర్వేల్లో మగవాళ్ళ లెక్క ఐరోపాకన్నా తక్కువ తేలింది. కాని మేనరికాలున్న కుటుంబాల్లో ఆడపిల్లలకూ రంగుల పరీక్ష చేయాలి. ఇప్పుడు సైన్యంలోకి వాళ్ళూ వెళుతున్నారు కదా.

ఈ లోపం యుద్ధంలో ఎప్పుడూ లోపమేనా? 1992లో జాన్ మోలన్, ఆయన సహచరులు ఒక చిత్రమైన ఫలితం ప్రకటించారు. ఎరుపు, ఆకుపచ్చ మచ్చలతో కావాలని గజిబిజి చేసిన నేపథ్యంలో, గీతల వాలు మాత్రమే వేరుగా ఉన్న భాగాన్ని కనిపెట్టమన్నారు. మామూలు కళ్ళవాళ్ళను ఆ రంగులు దారి తప్పించాయి. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ఆ భాగాన్ని పట్టేశారు. మభ్యపెట్టే రంగు కనిపిస్తేగా మోసపోవడానికి. దీన్ని పట్టుకుని నియామక నియమాలు మార్చిన సైన్యం గురించి నేను చదవలేదు. సిగ్నల్ దీపం దగ్గర జరిగే పొరపాటు ఖరీదు, పొదలో దాగినవాణ్ణి కనిపెట్టినందుకు వచ్చే లాభం కన్నా ఎక్కువని అనుకుని ఉంటారు.

సూర్యలంకకు మళ్ళీ వెళదాం. అక్కడి వాయుసేన స్థావరం క్షిపణి పరీక్షలకు పేరు పడింది. 2020 నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో అక్కడ ఆకాశ్ క్షిపణులతో పాటు భుజం మీద పెట్టుకుని పేల్చే ఇగ్లాలనూ ప్రయోగించారు. 2023 డిసెంబర్‌లో అస్త్రశక్తి విన్యాసాల్లో ఒకే ఆకాశ్ యూనిట్ నాలుగు లక్ష్యాలను ఒక్కసారే కూల్చింది. ఆకాశ్‌కు రాడారు చూస్తుంది. ఇగ్లాకు దాని ముక్కులోని సెన్సరు వేడిని పట్టుకుని వెంటాడుతుంది గాని, ముందు విమానాన్ని చూసి గొట్టం అటు తిప్పాల్సింది మనిషే. ఎదురుగా వచ్చే యుద్ధవిమానం మొండెం వెడల్పు రెండు మూడు మీటర్లు. పది కిలోమీటర్ల దూరంలో ఒక కళ అంటే 2.9 మీటర్లు. అంటే పది కిలోమీటర్ల దగ్గర ఆ విమానం 6/6 కంటికి ఒక చుక్క. సెకనుకు 250 మీటర్ల వేగంతో వచ్చేదానికి ఆ దూరం నలభై సెకన్లు.

ఇక్కడ కన్ను ఒక తమాషా చేస్తుంది. బంగాళాఖాతం మీద మబ్బు లేని ఆకాశంలో చూపు ఆనడానికి ఏమీ ఉండదు. చూడ్డానికి ఏమీ లేనప్పుడు కన్ను దూరానికి సర్దుకుంటుందని అనుకుంటాం. అలా జరగదు, కంటిలోని కండరం తన విశ్రాంతి స్థితికి జారుకుంటుంది. ఆ స్థితిలో చూపు కూడేది ఒక మీటరు, కొందరిలో రెండు మీటర్ల దూరంలో. ఏ సైట్ లేని కుర్రాడికి ఆ కాసేపటికి ఒక డయాప్టరు సైట్ వచ్చినట్టే. పగటి వెలుగులో కంటిపాప మూడు మిల్లీమీటర్లు అనుకుంటే మన పాత సూత్రం ప్రకారం మసక పది కళలు. ఒక కళ చుక్క అందులో కరిగిపోతుంది. పలక మీద కింద వరస దాకా చదివినవాడే ఆకాశంలో విమానాన్ని చూడలేకపోవడానికి కారణం ఇది. అందుకని కాపలావాళ్ళకు ఒక అలవాటు నేర్పుతారు: ఊరికే ఆకాశంలోకి చూస్తూ ఉండిపోవద్దు, మధ్యమధ్య దూరంగా ఉన్న పడవ మీదో, నీటి అంచు మీదో, మబ్బు కొస మీదో చూపు నిలిపి మళ్ళీ వెతకాలి. చూపు పలక ఈ సంగతి పట్టుకోలేదు. దీన్ని చెప్పి, చేయించి అలవాటు చేయడం కూడా సైన్యంలో కంటి నిపుణుల పనే.

విమానంలో కూర్చున్నవాడి కోణం ఇంకోలా ఉంటుంది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే కట్టారు. 2022 డిసెంబర్ 29న విమానాలు నేలను తాకకుండా దాని మీదుగా ఎగిరాయి. 2024 మార్చి 18న ఏఎన్–32, డోర్నియర్ విమానాలు దాని మీద దిగాయి. ఐదు కిలోమీటర్ల అవతల నుంచి ఆ 33 మీటర్లు 23 కళలకు కొంచెం తక్కువ, పున్నమి చందమామ కన్నా సన్నం. అటూ ఇటూ పొలాలు, మధ్యలో అలాంటిదే ఇంకా ఎంతో పొడవున్న మామూలు రోడ్డు. అందులో ఫలానా ముక్కే రన్‌వే అని గుర్తుపట్టి దిగడానికి పరికరాలు సాయపడతాయి, చివరి క్షణాల్లో నమ్మాల్సింది మాత్రం కంటినే.

రాత్రి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. రెటీనాలో రంగులు చూసే కోన్‌లు సుమారు 60 లక్షలు, చీకట్లో పనిచేసే రాడ్‌లు 12 కోట్ల దాకా ఉంటాయి. సరిగ్గా చూపు మధ్యలో రాడ్‌లు లేవు. అందుకే చీకట్లో మసక చుక్కను నేరుగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తేలుతుంది. పిల్లలకోడి నక్షత్రాలను అలా ఓరగా చూసి లెక్కపెట్టి చూడండి. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కంటికి పూర్తి పదును రావడానికి అరగంట పడుతుంది, ఒక్క ఫోను వెలుగుతో ఆ అరగంటా వృథా. రాడ్‌లలోని రంగు పదార్థానికి విటమిన్ ఎ కావాలి, అది చాలకపోతే రేచీకటి. రెండో ప్రపంచయుద్ధంలో తమ పైలట్లు క్యారట్లు తిని రాత్రిపూట శత్రు విమానాలను కూలుస్తున్నారని బ్రిటన్ ప్రచారం చేసింది. అసలు సంగతి విమానంలో అమర్చిన రాడారు. లోటు లేనివాడు క్యారట్ ఎంత తిన్నా చూపు పెరగదు. లోటున్న పిల్లలకు మాత్రం అది ప్రాణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970 నుంచి పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు వేసే కార్యక్రమం దేశంలో మొదలైంది.

ఒంటి ముందువైపు విస్తీర్ణంలో కళ్ళ వాటా వెయ్యికి మూడు వంతులు కూడా లేదు. యుద్ధ గాయాల్లో వాటి వాటా దానికి ఎన్నో రెట్లు, ఎందుకంటే పేలుడు ఎటు జరిగితే మనిషి అటే చూస్తాడు. అందుకే ఇప్పుడు సైనిక ఆప్టోమెట్రిస్టు పనిలో పెద్ద భాగం గుండు తునక తగిలినా పగలని కళ్ళద్దాలు అమర్చడం, విషవాయువు ముసుగు లోపల మనిషి పవర్‌కు తగ్గ అద్దాలు బిగించడం. మామూలు కళ్ళజోడు కాడలు ముసుగు అంచును లేపి గాలి చొరబడనిస్తాయి, కనుక ఆ అద్దాలకు కాడలుండవు.

కంటి గాయాల్లోంచే మనందరికీ పనికొచ్చిన ఒక సంగతి బయటపడింది. 1940 ఆగస్టులో గార్డన్ క్లీవర్ అనే బ్రిటిష్ పైలట్ విమానం మీద గుళ్ళు పడి, పైకప్పు ప్లాస్టిక్ పగిలి ముక్కలు కళ్ళలో దిగాయి. చాలాచోట్ల స్పిట్‌ఫైర్ అని రాస్తారు గాని ఆయన నడిపింది హరికేన్. ఆ ప్లాస్టిక్ ముక్కలు కంట్లో ఉండిపోయినా కన్ను వాచకపోవడం హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు గమనించారు. శుక్లం తీసేశాక సోడాబుడ్డి అద్దాల బదులు అదే ప్లాస్టిక్‌తో చేసిన లెన్సు లోపలే పెడితే? 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి పెట్టారు. తోటి వైద్యులు ఏళ్ళ తరబడి ఆయన్ను తప్పుపట్టారు. 1992లో మదురైలో ఆరోలాబ్ మొదలై ఈ లెన్సులను చవగ్గా తయారుచేయడంతో అవి మన ఊళ్ళ దాకా వచ్చాయి. ఇవాళ రేపల్లె పక్క పల్లె నుంచి పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికి వెళ్ళి శుక్లం తీయించుకుని వచ్చే ముసలమ్మ కంట్లో ఉన్నది ఆ హరికేన్ తునక వారసత్వమే.

సైన్యాల దగ్గర ఇంకో నిధి ఉంది, లెక్కలు. నిర్బంధ సేవ ఉన్న దేశాల్లో ప్రతి యువకుడి కన్నూ ఒకే వయసులో, ఒకే పద్ధతిలో కొలుస్తారు. సింగపూర్ సైన్యంలో చేరే కుర్రాళ్ళలో దాదాపు 80 శాతానికి హ్రస్వదృష్టి ఉందని 1990ల చివరి లెక్కల్లో తేలింది. 2010లో సియోల్‌లో 19 ఏళ్ళవాళ్ళను పరీక్షిస్తే 96.5 శాతం. రెండు మూడు తరాల్లో జన్యువులు అంతగా మారవు, మారింది బాల్యం. పగటి వెలుగు తగిలితే రెటీనాలో డోపమైన్ విడుదలై కనుగుడ్డు సాగడాన్ని నెమ్మదింపజేస్తుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. బాగా వెలుగున్న తరగతి గదిలో 500 లక్స్ ఉంటే ఆరుబయట పదివేలు దాటుతుంది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట తిప్పుతోంది. మన గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లవాడికి ఎండ తగిలేది హాస్టల్ నుంచి క్లాసుకు నడిచే కాసేపే. ఆ రెండేళ్ళు ఐఐటీ కోసం కూర్చోబెట్టి, ఆ తర్వాత సైన్యానికి పరుగెత్తమంటే కాళ్ళు వింటాయేమో గాని కన్ను వినదు.

సైట్ పదేళ్ళ వయసుకు, పద్దెనిమిదికి మధ్య ఏటేటా మారుతుంది, కాబట్టి ఏటా చూడాలి. రంగుల సంగతి వేరు. పుట్టుకతో వచ్చిన ఎరుపు–ఆకుపచ్చ లోపం పదేళ్ళప్పుడు ఎంతో పద్దెనిమిదేళ్ళప్పుడూ అంతే. ఎనిమిదో తరగతిలో ఒక్కసారి, కిటికీ పక్కన పగటి వెలుగులో ఇషిహారా పుస్తకం తిప్పిస్తే ఐదు నిమిషాల పని. అప్పుడే తెలిస్తే సైన్యం, రైల్వే కాకుండా ఇంకే దారి పట్టాలో ఆలోచించుకోవడానికి నాలుగేళ్ళు దొరుకుతాయి. ర్యాలీలో తెలిస్తే ఒక్క మధ్యాహ్నం. చూపు పరీక్షకు ఆరు మీటర్ల గది లేదనడం సాకు. మూడు మీటర్ల దూరంలో నిలువుటద్దం నిలబెట్టి, పిల్లవాడి తల పైన తిరగరాసిన అక్షరాల పలక వేలాడదీస్తే ఆరు మీటర్లూ వచ్చేస్తాయి. చాలా కళ్ళజోళ్ళ షాపుల వెనక గదిలో జరిగేది అదే.